జి. రాంరెడ్డి

జి. రాంరెడ్డి (డిసెంబర్ 4, 1929 - జూలై 2, 1995) ప్రముఖ విద్యావేత్త, ప్రభుత్వ పాలనా శాస్త్ర ఆచార్యుడు, భారతదేశంలో సార్వత్రిక విద్యకు ఆద్యుడు. ఈయన పూర్తి పేరు గడ్డం రాంరెడ్డి. దేశంలోని మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, ఆ తరువాత ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి వ్యవస్థాపక ఉపకులపతిగా పనిచేశాడు. హైదరాబాదులోని జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్ నగర్‌కు చేరువలో ఉన్న డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ముందరి రహదారికి ఈయన పేరు పెట్టారు.

అధ్యాపకుడు, పరిశోధకుడు

రాంరెడ్డి కరీంనగర్ జిల్లాలో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ పాలనా శాస్త్రం బోధించాడు. గ్రామీణ పాలన ఈయన ముఖ్య పరిశోధనాంశం. వివిధ రాష్ట్రాల పంచాయతీరాజ్ వ్యవస్థలను పరిచయం చేసే గ్రంథానికి సంపాదకత్వం వహించాడు. అది 1977లో వెలువడింది. ఆచార్య జి. హరగోపాల్‌తో కలిసి 1985లో ప్రచురించిన ఒక వ్యాసంలో "పైరవీకారు" పాత్రను విశ్లేషించాడు. ప్రభుత్వ కార్యాలయానికీ సామాన్యునికీ మధ్య ఉన్న దూరం వల్లనే ఇటువంటి మధ్యవర్తి పుట్టుకొస్తాడన్నది అందులోని ముఖ్యాంశం. విద్యాలయానికీ సామాన్యునికీ మధ్య దూరాన్ని తగ్గించడం ఈయన తదుపరి కృషి అయింది.

1977 నుండి 1982 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్నాడు. అక్కడ ఉత్తర ప్రత్యుత్తరాల ద్వారా బోధించే విభాగం 1977లోనే ఏర్పడింది. ఇప్పుడది ఆచార్య జి. రాంరెడ్డి దూరవిద్యా కేంద్రంగా పిలువబడుతున్నది.

సార్వత్రిక విశ్వవిద్యాలయం

బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ అనేక దేశాలకు ఆదర్శమైంది. భారతదేశంలో ఆ మార్గంలో తొలి అడుగు వేసినది ఆంధ్రప్రదేశ్. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. 1991లో దీనికి అంబేద్కర్ పేరు పెట్టారు.

పేదరికం వల్లనో, ఇంటి బాధ్యతల వల్లనో బడి మానేసినవారికి అంతవరకు పట్టభద్రులయ్యే దారి దాదాపుగా లేదు. పదవ తరగతి, ఇంటర్మీడియట్ ధ్రువపత్రాలు లేకున్నా, నిర్ణీత వయసు నిండి అర్హత పరీక్షలో ఉత్తీర్ణులైతే డిగ్రీలో చేరవచ్చునన్న నియమం ఆ దారిని తెరిచింది. ఉద్యోగులు, గృహిణులు, రైతులు దీనివలన ప్రయోజనం పొందారు.

అయితే అర్హత సడలిస్తే ప్రమాణాలు పడిపోతాయన్న అనుమానం ఎదురుకావడం సహజం. ప్రవేశం సులభంగా ఉండాలి గాని పట్టా సులభంగా రాకూడదన్నది సార్వత్రిక విద్య ఇచ్చే సమాధానం. అందుకు ఈ విధానంలో కొన్ని ఏర్పాట్లు చేశారు:

* ఉపాధ్యాయుడు ఎదుట లేకున్నా అర్థమయ్యేటట్లు, మధ్య మధ్య ప్రశ్నలతో రాయించిన తెలుగు పాఠ్యపుస్తకాలు
* ఆకాశవాణి, దూరదర్శన్, క్యాసెట్ల ద్వారా పాఠాలు
* స్థానిక కళాశాలల్లో నెలకొల్పిన అధ్యయన కేంద్రాలు. సెలవు దినాలలో తరగతులు

ఉన్న కళాశాలల గదులనూ, ప్రయోగశాలలనూ వాడుకోవడం వలన ఖర్చు తగ్గింది. పాఠం ఒకసారి తయారైతే వేలమందికి చేరుతుంది. ఇక్కడ సాంకేతికత గురువుకు ప్రత్యామ్నాయం కాదు, గురువు మాటను దూరానికి మోసే వాహనం.

జాతీయ స్థాయిలో

ఈ అనుభవం ఆధారంగా 1985లో ఢిల్లీలో ఏర్పడిన ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి రాంరెడ్డిని మొదటి ఉపకులపతిగా నియమించారు. 1987లో అక్కడ బోధన మొదలైంది. 1988లో సార్వత్రిక విశ్వవిద్యాలయాలపై ఈయన సంపాదకత్వంలో ఆంగ్ల గ్రంథం వెలువడింది. 1989లో ఆ పదవి వీడిన తరువాత అప్పట్లో కెనడాలోని వాంకూవర్ కేంద్రంగా ఉన్న కామన్వెల్త్ ఆఫ్ లెర్నింగ్ సంస్థకు ఉపాధ్యక్షుడిగా సేవలందించాడు.

1991 నుండి 1995 వరకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) అధ్యక్షుడుగా ఉన్నాడు. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కంప్యూటర్ల ద్వారా అనుసంధానించే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కార్యక్రమం 1991లో, కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ 1994లో యు.జి.సి. ఆధ్వర్యంలో మొదలయ్యాయి.

మరణం, వారసత్వం

రాంరెడ్డి 1995 జూలై 2న లండన్‌లో మరణించాడు. ఈయన పేరిట ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం స్మారకోపన్యాసాలను ఏర్పాటు చేసింది. ఉపగ్రహం ద్వారా పాఠాలు ప్రసారం చేసే తెలంగాణ ప్రభుత్వ టి-శాట్ సంస్థ 2017లో జూబ్లీహిల్స్‌లోనే రూపుదిద్దుకుంది. సినిమా పరిశ్రమకు నెలవుగా పేరొందిన ఈ ప్రాంతం దూరవిద్యకు కూడా కేంద్రమైంది.