చిత్రపటము – చూచే దూరము

మహదేవపూర్ మండలములోని కాళేశ్వరమున, ప్రాణహిత గోదావరితో కలియు చోట, పితృకార్యములకై వచ్చే యాత్రికులు అనేకులు. అట్లు వచ్చిన ఒక కుమారుడు, “అయ్యగారూ, దగ్గరికి పోతే మా నాయిన మొఖం కనిపిస్తలేదు” అని కంటతడి పెట్టినాడు. వాట్సాప్‌లో వచ్చిన తండ్రి ఫోటోను 36 అంగుళముల ఎత్తు పటముగా అచ్చు వేయించినాడట. వాకిట నిలిచి చూస్తే ముఖము నిండుగా ఉన్నది. దీపము పెట్టుటకు సమీపిస్తే కన్నులు గళ్లు గళ్లుగా చెదరినవి.

ఇందులో అచ్చు వేసినవారి దోషము లేదు. ఫోటో అనగా చుక్కల సమూహము. ఉన్న వస్తువు కనబడకపోవుటకు సాంఖ్యకారికలో ఈశ్వరకృష్ణుడు ఎనిమిది కారణములు చెప్పినాడు. అందు అతిదూరము ఒకటి, తనవంటి వానిలో కలిసిపోవుట మరొకటి. దూరమునుండి చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసి, ముఖమే మిగులుతుంది.

ఎంత దూరమున కలియును? ఆరోగ్యమైన కన్ను డిగ్రీలో 60వ వంతు వరకు ఎడమును గుర్తించగలదు. లెక్క సులభము: 290ని దూరపు అడుగులతో భాగించినచో అంగుళమునకు కావలసిన చుక్కలు తెలియును. చేతిలోని పుస్తకమునకు, అనగా ఒక అడుగు దూరమునకు, 290. పూజగదిలో 3 అడుగులకు సుమారు 100. త్రోవప్రక్క 30 అడుగులకు 10 చాలును.

ఆ కుమారుని ఫోటో పొడవున 1600 చుక్కలే ఉన్నవి. 36 అంగుళములకు పరచగా అంగుళమునకు 44 వచ్చినవి. అది ఆరున్నర అడుగుల ఆవలనుండి చూడదగిన పటము. 16 అంగుళములతో తృప్తిపడి ఉంటే పూజగదికి సరిపోయేది.

దాతలకు ఒక మాట. 2025 మే మాసపు సరస్వతీ పుష్కరముల వంటి వేళలలో కట్టే 20 అడుగుల ఫ్లెక్సీకి, 30 అడుగుల నుండి చూచుటకైతే, 2400 చుక్కలు చాలును. 4000 చుక్కల ఫోను ఫోటో అందుకు ధారాళముగా సరిపోవును. అంతకు మించిన సూక్ష్మతకై వెచ్చించు ధనము అన్నదానమునకు ఇచ్చుట మేలు.

చిత్రమును పెద్దది చేసినంత మాత్రమున లేని వివరము పుట్టదు. కావున మూలచిత్రమును భద్రపరచవలెను. వాట్సాప్‌లో పంపునప్పుడు డాక్యుమెంటుగా పంపవలెను. ఆ కుమారుని అక్కగారి పాత ఫోనులో 4000 చుక్కల మూలచిత్రము దొరికినది. అదే 36 అంగుళముల పటమున ఇప్పుడు అంగుళమునకు 111 చుక్కలు. దీపము పెట్టి, మూడడుగులు వెనుకకు జరిగి నమస్కరించునప్పుడు తండ్రి కన్నులు తేటగా కనబడుచున్నవి.