మియాటా టాపు

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మజ్దా కంపెనీ రెండు సీట్ల చిన్న కారొకటి చూపించింది. స్వరాజ్ మజ్దా వ్యాన్ల పుణ్యమా అని మనకూ తెలిసిన కంపెనీయే. అమెరికాలో ఆ కారును మియాటా అన్నారు, ఐరోపాలో ఎంఎక్స్-5 అన్నారు. 1960ల నాటి లోటస్ ఎలాన్, ఎంజీబీ లాంటి బ్రిటిష్ కార్లను టాపు దించి నడపడం ఎంత సరదాయో, వానొస్తే వాటిలో కూర్చోవడం అంత అవస్థ. సరదా ఉంచి అవస్థ తీసేద్దామని మజ్దావాళ్ల ఆలోచన. చాలావరకు తీసేశారు కూడా. మిగిలిందల్లా వెనక కిటికీ.

ఈ టాపుకు మోటారు లేదు. ముందద్దం పైనున్న రెండు గొళ్లాలు తీసి, సీట్లో కూర్చునే వెనక్కి నెట్టేయొచ్చు. ఇనుప కమ్మీలు, వాటిమీద రెక్సిన్. ముడుచుకునే తీరు మన రిక్షా టాపుదే. కాకపోతే రిక్షావాడికి వెనక చూడాల్సిన పనిలేదు, కారు నడిపేవాడికి ఉంది. గాజేమో మడతపడదు. అందుకని పలచటి పారదర్శక పీవీసీ షీటు పెట్టి, దానికి జిప్పు కుట్టారు. టాపు దించే ముందు జిప్పు తీసి కిటికీని బల్లపరుపుగా పరచాలి. ఈ మాత్రానికి బద్ధకించిన వాళ్ల కార్లలో కిటికీ మధ్యన అడ్డంగా తెల్లటి గీత పడుతుంది. ఏదో ఒక చలికాలం పొద్దున ఆ గీత వెంబడే చీలుతుంది.

చలికే ఎందుకు చీలాలి? పీవీసీ పుట్టుకతో గట్టిది, నీళ్ల పైపులు చేసేది దాంతోనే. 1926లో అమెరికాలోని బీఎఫ్ గుడ్‌రిచ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త వాల్డో సీమన్ దాన్ని తొందరగా ఆవిరికాని ద్రావకాల్లో వేడిచేస్తే రబ్బరులా వంగే పదార్థం తయారైంది. ఇలా కలిపే ద్రవాలే ప్లాస్టిసైజర్లు. పొడవాటి అణువుల గొలుసుల మధ్య దూరి, అవి ఒకదానిమీద ఒకటి జారేట్టు చేస్తాయి. మామూలు పీవీసీ మెత్తబడటానికి 80 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఇవి తగినంత కలిస్తే సున్నా దిగువన కూడా వంగుతుంది. కానీ ఆ ద్రవం గొలుసులకు అతుక్కుని ఉండదు. ఎండకు కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. పాత కార్ల అద్దాలకు లోపలివైపు జిడ్డుగా పట్టే పొరలో కొంత భాగం ఇదే. అది తగ్గినకొద్దీ షీటు మళ్లీ పైపు స్వభావానికి వస్తుంది.

పసుపు రంగు కథ వేరు. అతినీలలోహిత కిరణాల దెబ్బకు పీవీసీ గొలుసు నుంచి హైడ్రోజన్, క్లోరిన్ జతగా ఊడిపోతాయి. అవి పోయిన చోట కార్బన్ల మధ్య జంట బంధాలు వరసగా ఏర్పడతాయి. ఆ వరస పొడవైతే నీలి కాంతిని మింగేస్తుంది, మన కంటికి పసుపే మిగులుతుంది. పాలిష్ పెడితే పైపైని మసక పోతుంది. ఆవిరైన ప్లాస్టిసైజర్ మాత్రం తిరిగి రాదు. ఆ పాలిష్ డబ్బేదో కొత్త టాపుకు దాచుకోవడం మేలు.

1998లో వచ్చిన రెండో తరం కారుకు మజ్దా గాజు కిటికీ పెట్టింది. జిప్పు గొడవ పోయింది. ఆ టాపు పాత కమ్మీల మీదా సరిపోతుంది గనక, మార్చేటప్పుడు చాలామంది అదే వేయిస్తారు. రెక్సిన్ వద్దనుకుంటే గుడ్డ టాపులున్నాయి. పైన యాక్రిలిక్ నేత, నడుమ రబ్బరు, లోపల మరో గుడ్డ. రెండు గుడ్డల మధ్య రబ్బరు పొర అనే ఉపాయానికి గ్లాస్గోలో చార్లెస్ మకింటోష్ 1823లోనే పేటెంటు తీసుకున్నాడు, రెయిన్‌కోట్ల కోసం.

ఇక టాపు మార్చే పని. సీట్ల వెనక కార్పెట్టు ఎత్తితే టాపు అంచును బిగించి పట్టుకున్న లోహపు పట్టీలు, వాటికి 10 మిల్లీమీటర్ల నట్లు వరసగా కనిపిస్తాయి. అవి విప్పి, కమ్మీల దగ్గరి రివెట్లను డ్రిల్లుతో తీసేస్తే పాత టాపు చేతికొస్తుంది. కొత్తదాన్ని ముందు ఎండలో పరచి వేడెక్కనివ్వాలి. చల్లగా ఉన్న రెక్సిన్ సాగదు. మొదటిసారి గొళ్లెం పడాలంటే ఇద్దరు మనుషులు లాగాల్సి రావచ్చు. పడ్డాక కొన్నాళ్లు విప్పకుండా వదిలేస్తే అదే సర్దుకుంటుంది.

అయితే నా దృష్టిలో అసలు పని టాపు కాదు, దాని వెనక అంచు కింద దాగిన ప్లాస్టిక్ కాలువ. టాపు మీది వాన వెనక్కి జారి ఇందులో పడి, తలుపుల వెనకున్న రెండు గొట్టాల్లోంచి కారు కిందికి పోవాలి. ఆకులూ మట్టీ చేరి గొట్టం పూడితే నీళ్లు కార్పెట్టు కిందికి, తలుపుల కింది బోలు ఉక్కు పట్టీల్లోకి చేరతాయి. ఈ కార్లలో తుప్పు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. పాత కాలువ పెళుసెక్కి, టాపు తీసేటప్పుడే విరుగుతుంది. కొత్త టాపుకు బోలెడు పోసినవాళ్లు దీని దగ్గర పొదుపు చేస్తారెందుకో.

కార్పెట్టు పరిచేముందే చెంబుడు నీళ్లు ఆ కాలువలో పోసి, వెనక చక్రం ముందు నేలమీద పడుతున్నాయో లేదో చూసుకోవాలి. రెండు వైపులా.