చదువుకునే వయసులో పని: పిల్లల కోరిక, తల్లిదండ్రుల సంకోచం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు ఈ కింది అంశాలను వివరించగలుగుతారు:

• బాలకార్మికత్వానికీ, చదువుతోపాటు చేసే పరిమిత పనికీ మధ్య తేడా
• పిల్లలు పని చేస్తామన్నప్పుడు తల్లిదండ్రులు వెనుకాడడానికి కారణాలు
• పని గంటలపై జరిగిన ముఖ్య పరిశోధనల సారం, చట్టం విధించిన పరిమితులు
• ఈ విషయంపై ఇంట్లో చర్చ ఎలా సాగితే ఉభయులకూ మేలు జరుగుతుంది

1. పరిచయం

పదహారేళ్ల అబ్బాయి ఒకరోజు సాయంత్రం ఇంట్లో, "కాలేజీ అయ్యాక రోజూ రెండు గంటలు పని చేసుకుంటాను, ఒప్పుకోండి" అని అడిగాడనుకోండి. చాలా ఇళ్లలో వచ్చే మొదటి జవాబు, "ముందు చదువు సంగతి చూడు" అన్నదే. అబ్బాయి పట్టు విడవకపోతే తండ్రి, "ఇప్పుడు నీకేం తక్కువ చేశాం?" అంటాడు.

ఈ సంభాషణను జాగ్రత్తగా గమనించండి. అబ్బాయి అడిగింది రెండు గంటల సమయం గురించి. తండ్రి జవాబిచ్చింది తన పెంపకం గురించి. ఇద్దరూ ఒకే విషయం మాట్లాడుకుంటున్నామని అనుకుంటున్నారు. నిజానికి ఎవరి విషయం వారిదే. అందువల్లనే ఈ వాదన చాలాసార్లు అలకతోనో, కేకలతోనో ముగుస్తుంది.

కౌమార దశ పిల్లలకూ తల్లిదండ్రులకూ మధ్య వచ్చే తగాదాలపై మనస్తత్వ శాస్త్రవేత్త జుడిత్ స్మెటానా విస్తృతంగా పరిశోధించారు. ఒకే విషయాన్ని పిల్లలు తమ సొంత వ్యవహారంగా చూస్తే, తల్లిదండ్రులు దాన్ని క్షేమానికీ, కట్టుబాటుకూ సంబంధించినదిగా చూస్తారని ఆమె గుర్తించారు. పని విషయంలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

2. ఒకే కోరిక, రెండు చరిత్రలు

బడి పిల్లలు సాయంత్రాలు, సెలవు రోజుల్లో పనికి వెళ్లడం అమెరికాలో మామూలు విషయం. ఐస్‌క్రీం దుకాణంలో, సూపర్‌మార్కెట్‌లో, ఈత కొలను దగ్గర పనిచేసే హైస్కూలు పిల్లలు అక్కడ ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. అయితే మొదటినుంచీ అక్కడ ఈ పద్ధతి లేదు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అక్కడి పిల్లలు బట్టల మిల్లుల్లో, బొగ్గు గనుల దగ్గర పనిచేశారు. 1938లో వచ్చిన ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం దేశవ్యాప్తంగా పిల్లల పనికి కట్టడి పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత హైస్కూలు చదువు దాదాపు అందరికీ అందింది. అదే కాలంలో దుకాణాలు, ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లు పెరిగి, రోజుకు కొద్ది గంటలు పనిచేసేవాళ్ల అవసరం ఏర్పడింది. బడి మాన్పించే పని తగ్గి, బడితోపాటు సాగే పని వచ్చింది.

సమాజ శాస్త్రవేత్త వివియానా జెలైజర్ 1985లో ప్రచురించిన 'ప్రైసింగ్ ది ప్రైస్‌లెస్ చైల్డ్' అనే గ్రంథం ఈ మార్పుకు నేపథ్యాన్ని వివరిస్తుంది. ఒకప్పుడు ఇంటికి సంపాదించి పెట్టే చేతులుగా విలువ పొందిన పిల్లలు, క్రమంగా డబ్బుతో వెలకట్టలేని వాళ్లుగా మారారని ఆమె చూపించారు.

మన చరిత్ర వేరు. తెలుగు నేలపై పిల్లల పని అంటే సీడు పత్తి చేలల్లో క్రాసింగ్, పశువుల కాపు, ఆసామి దగ్గర జీతం ఉండటం, బీడీలు చుట్టడం, హోటల్లో బల్లలు తుడవడం. ఇవన్నీ బడిని మింగేసిన పనులు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన కృషికి ఆధారం ఒక స్పష్టమైన సూత్రం: బడికి వెళ్లని ప్రతి బిడ్డనూ బాలకార్మికుల లెక్కలోనే చూడాలి. ఈ కృషికి నాయకత్వం వహించిన ఆచార్య శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. పని, బడి ఒక ఒరలో ఇమడని రెండు కత్తులనే అవగాహన మన సమాజంలో బలపడడానికి ఇలాంటి ఉద్యమాలు తోడ్పడ్డాయి. అది మేలైన మార్పు.

వారాలు చేసుకుని చదివినవారికి, పేపర్లు వేసి ఫీజు కట్టుకున్నవారికి మన జ్ఞాపకాల్లో గౌరవం ఉంది. అయితే ఆ గౌరవం తప్పనిసరై పడిన కష్టానికి ఇచ్చినది. ఇంట్లో జరుగుబాటు ఉండి కూడా పని చేస్తానంటే మనకు వింతగా తోస్తుంది. "అబ్దుల్ కలాం చిన్నప్పుడు రామేశ్వరంలో పేపర్లు పంచలేదా?" అని పిల్లలు వాదిస్తే, "ఆయన రోజులు వేరు, నీకేం ఖర్మ?" అని పెద్దలు కొట్టిపారేసేది ఇందుకే.

3. తల్లిదండ్రుల సంకోచానికి కారణాలు

తల్లిదండ్రుల అభ్యంతరాలను నాలుగు రకాలుగా విభజించవచ్చు.

(అ) గౌరవం: "మేం పడ్డ కష్టం మా పిల్లలు పడకూడదు" అన్న సంకల్పంతో పిల్లలను చదివిస్తున్న కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. కాంటాక్టు తరగతుల్లో ఈ అంశం చర్చకు వచ్చినప్పుడు, చిన్ననాడే పనిలోకి దిగిన విద్యార్థులే అందరికంటే ముందు "మా పిల్లల్ని పంపం" అనడం నేను పలుమార్లు విన్నాను. పిల్లవాడు దుకాణంలో నిలబడితే తమ శ్రమంతా వృథా అయినట్లు వారికి అనిపిస్తుంది. నలుగురూ ఏమనుకుంటారోనన్న శంక దీనికి తోడవుతుంది.

(ఆ) చదువు: ఇంటర్మీడియట్ రెండేళ్లు, ఆ తరువాత ఈఏపీసెట్, జేఈఈ, నీట్ వంటి పరీక్షలు జీవితాన్ని నిర్ణయిస్తాయన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. ఆ రెండేళ్లలో ప్రతి గంటా లెక్కే.

(ఇ) భద్రత: చీకటి పడ్డాక ఇంటికి రావడం, పని చేసే చోట ఎవరుంటారన్న ప్రశ్న ఆడపిల్లల విషయంలో ముందుకొస్తాయి. ఇవి కొట్టిపారేయదగ్గ భయాలు కావు. అయితే కొడుకు విషయంలో అసలు రాని ప్రశ్న కూతురి విషయంలో మొదటి ప్రశ్న కావడం మన కుటుంబ వ్యవస్థలోని అసమానతను చూపుతుంది.

(ఈ) అధికారం: చేతిలో సొంత డబ్బు ఆడితే పిల్లలు మాట వినరన్న అనుమానం. దీన్ని బయటకు చెప్పేవారు తక్కువ.

4. పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఎలెన్ గ్రీన్‌బర్గర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 1986లో 'వెన్ టీనేజర్స్ వర్క్' అనే గ్రంథాన్ని ప్రచురించారు. పని పిల్లలకు బాధ్యత నేర్పుతుందన్న అమెరికన్ల నమ్మకాన్ని వారు ప్రశ్నించారు. ఎక్కువ గంటలు పనిచేసే పిల్లల్లో చదువుపై శ్రద్ధ తక్కువగా ఉందనీ, సంపాదనలో అధిక భాగం సొంత సరదాలకే పోతోందనీ వారు పేర్కొన్నారు.

జైలన్ మార్టిమర్ మరో కోణం చూపారు. మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరంలో తొమ్మిదో తరగతి పిల్లలను ఎంచుకుని, వారు పెద్దవారయ్యే వరకు ఏళ్ల తరబడి ఆమె బృందం పరిశీలించింది. ఆ ఫలితాలతో 2003లో 'వర్కింగ్ అండ్ గ్రోయింగ్ అప్ ఇన్ అమెరికా' వెలువడింది. వారానికి 20 గంటలు మించకుండా, నిలకడగా పనిచేసిన పిల్లల చదువు దెబ్బతినలేదని ఈ అధ్యయనం తేల్చింది. సమయాన్ని సర్దుకోవడం కూడా వారికి అలవడింది.

ఈ రెండు అధ్యయనాలూ ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం కావు. పని చేయడం కంటే ఎన్ని గంటలు, ఎలాంటి పని చేస్తున్నారన్నదే ముఖ్యమని రెండూ సూచిస్తున్నాయి. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, చదువుపై ఆసక్తి తగ్గిన పిల్లలే ఎక్కువ గంటల పనికి మొగ్గు చూపే అవకాశం ఉంది. కాబట్టి ఏది కారణమో, ఏది ఫలితమో వెంటనే తేల్చలేం. రెండవది, అమెరికా హైస్కూలు సాధారణంగా మధ్యాహ్నానికే ముగుస్తుంది. సాయంత్రం వరకు తరగతులు, ఆపైన స్టడీ అవర్లు ఉండే మన ఇంటర్ విద్యార్థికి ఆ 20 గంటల లెక్కను అలాగే అతికించకూడదు.

5. చట్టం గీసిన గీతలు

మన రాజ్యాంగంలోని 24వ అధికరణం 14 ఏళ్లలోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో, గనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోవడాన్ని నిషేధించింది. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. దాని ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. బడి వేళల తరువాత, సెలవుల్లో సొంత కుటుంబానికి ప్రమాదం లేని పనుల్లో సాయపడడం వంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. ఈ మినహాయింపు చాటున బాలకార్మికత్వం దాగిపోతుందన్న విమర్శ కూడా ఉంది.

14 నుంచి 18 ఏళ్ల మధ్య వారిని చట్టం కౌమారులుగా గుర్తిస్తుంది. వారిని గనుల్లో, పేలుడు పదార్థాల తయారీలో, ఇతర ప్రమాదకర ప్రక్రియల్లో పెట్టుకోకూడదు. మిగిలిన చోట్ల ఈ నియమాలు పాటించాలి:

• ఏకబిగిన 3 గంటలకు మించి పని చేయించకూడదు. ఆపైన కనీసం ఒక గంట విశ్రాంతి ఇవ్వాలి.
• విశ్రాంతితో కలిపి రోజుకు 6 గంటలు దాటకూడదు.
• రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని చేయించకూడదు.
• ఓవర్‌టైం ఉండకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి.

కాలేజీ సాయంత్రం 5 గంటలకు ముగిసే విద్యార్థికి ఈ నియమాల ప్రకారం మిగిలేది రోజుకు రెండు గంటలే. ఐదు రోజులకు పది గంటలు. చీకటి పడ్డాక తిరిగి రావడంపై తల్లికున్న భయానికీ, కొంతైనా పని చేయాలన్న పిల్లల కోరికకూ చట్టమే ఒక మధ్యేమార్గం చూపుతోంది.

మోటార్ సైకిల్‌పై డెలివరీ పని చేస్తామని అడిగే పిల్లలు ఉంటారు. గేర్లున్న బండి నడపడానికి 18 ఏళ్లు నిండాలి. మైనరు బండి నడిపి పట్టుబడితే సంరక్షకుడు లేదా బండి యజమాని బాధ్యత వహించాలని 2019 మోటారు వాహనాల చట్ట సవరణ చెబుతోంది. ఈ ఒక్క విషయంలో తల్లిదండ్రుల "వద్దు"కు తిరుగులేదు.

6. అమెరికాలోని తెలుగు ఇళ్లలో

అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇదే వాదన మరో రూపంలో వస్తుంది. తోటి పిల్లలంతా పనికి వెళ్తుంటే తమనెందుకు ఆపుతున్నారని పిల్లలు అడుగుతారు. అక్కడి సమాఖ్య చట్టం ప్రకారం 14, 15 ఏళ్ల వారు బడి ఉన్న రోజున 3 గంటలు, బడి నడిచే వారంలో 18 గంటలు మించి పని చేయకూడదు. రాష్ట్రాల చట్టాలు దీనికి అదనం.

అయితే హెచ్-1బి వీసాపై ఉన్నవారి పిల్లలకు ఉండేది హెచ్-4 హోదా. ఆ హోదాలో ఉన్న పిల్లలు ఉద్యోగం చేయకూడదు. 2015 నుంచి పని అనుమతి దొరుకుతున్నది హెచ్-4పై ఉన్న జీవిత భాగస్వాముల్లో కొందరికి మాత్రమే. అటువంటి ఇంట్లో తల్లిదండ్రులు అసలు కారణం చెప్పకుండా "చదువుకో" అని ఊరుకుంటే, పిల్లలు దాన్ని నమ్మకం లేకపోవడంగా భావిస్తారు. నిజం చెబితే బాధపడతారు, కానీ అర్థం చేసుకుంటారు.

7. ఒప్పించడం, ఒప్పుకోవడం

డయానా బౌమ్రిండ్ 1960లలో తల్లిదండ్రుల పెంపకాన్ని మూడు రకాలుగా వివరించారు: ఆజ్ఞాపించడం, ఇష్టానికి వదిలేయడం, కారణం చెప్పి కట్టడి చేయడం. మూడో పద్ధతిలో మాత్రమే పిల్లల వాదనకు చోటు ఉంటుంది, తల్లిదండ్రుల మాటకూ విలువ ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి, "అందరూ చేస్తున్నారు, నేనూ చేస్తాను" అంటే తల్లికి అందులో ఆలోచించడానికి ఏమీ దొరకదు. అదే అమ్మాయి ఇలా అడిగిందనుకోండి: "అమ్మా, మన వీధి చివర జిరాక్స్ షాపులో సాయంత్రం 5 నుంచి 7 దాకా, వారానికి నాలుగు రోజులు. నువ్వొకసారి వచ్చి షాపావిడతో మాట్లాడు. పరీక్షల వారం వెళ్లను. మూడు నెలలు చూద్దాం. మార్కులు తగ్గితే మానేస్తాను." ఇందులో స్థలం, సమయం, గడువు, షరతు ఉన్నాయి. తల్లి ఇక "సరే" లేదా "వద్దు" మధ్య నలిగిపోనక్కర్లేదు. "నాలుగు కాదు, రెండు రోజులు" అని బేరమాడవచ్చు.

తల్లిదండ్రులు మొదట అడగవలసిన ప్రశ్న "ఎందుకు?" అన్నది. ఏదైనా నేర్చుకోవాలన్న కోరిక, సొంత ఖర్చులు, కాలక్షేపం వంటి జవాబులు రావచ్చు. కొన్ని ఇళ్లలో మాత్రం, "మీరు అప్పు గురించి మాట్లాడుకోవడం విన్నాను" అన్న జవాబు వస్తుంది. అప్పుడు పిల్లలు అడుగుతున్నది పని కాదు, ఇంటి బరువులో వాటా. అలాంటప్పుడు స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్, బంధువుల సాయం వంటి మార్గాలను పెద్దలు ముందుగా వెతకాలి.

ఒప్పుకున్నాక కూడా పెద్దల బాధ్యత ముగియదు. పిల్లల జీతం డబ్బు ఇంటి అద్దెలోకో, చీటీ వాయిదాలోకో చేరితే, ఆ పిల్లలు ఇక మానేయలేరు. పరీక్షలు వచ్చినా, యజమాని తిట్టినా వెళ్లక తప్పదు. చదువుతోపాటు చేసే పని బాలకార్మికత్వంగా మారే మలుపు ఇదే. కాబట్టి ఏ పని విషయంలోనైనా ఈ పరీక్ష పెట్టుకోండి: ఈ అబ్బాయి, ఈ అమ్మాయి రేపు మానేస్తానంటే ఇంట్లో ఎవరికైనా ఇబ్బంది కలుగుతుందా? కలగకపోతే అది నేర్చుకునే పని. కలిగితే, రెండు గంటలైనా సరే, పునరాలోచించాలి.

8. సారాంశం

పిల్లలు సమయం గురించి అడిగితే తల్లిదండ్రులు గౌరవం, భద్రత గురించి జవాబిస్తారు. మన ప్రాంత చరిత్రను బట్టి చూస్తే వారి సంకోచం సహేతుకమైనదే. పని గంటలు పరిమితంగా ఉంటే చదువుకు హాని కలగకపోవచ్చని పరిశోధనలు సూచిస్తున్నాయి. చట్టం కూడా ఆ పరిమితినే కోరుతోంది. చర్చ "పని చేయాలా, వద్దా" అన్న దగ్గర ఆగకుండా "ఏ పని, ఎంతసేపు, ఎందుకు, ఎప్పుడు ఆపాలి" అన్న ప్రశ్నల వైపు సాగాలి. మీలో చాలామంది ఉద్యోగం చేస్తూ చదువుతున్నారు, కొందరు తల్లిదండ్రులు కూడా. ఈ ప్రశ్నలను మీ ఇంటి అనుభవంతో పోల్చి చూసుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కౌమారుల పని వేళలపై 2016 సవరణ తరువాత అమలులో ఉన్న పరిమితులు ఏవి?
2. గ్రీన్‌బర్గర్-స్టైన్‌బర్గ్, మార్టిమర్ అధ్యయనాలను పోల్చండి.
3. చదువుతోపాటు చేసే పని ఏ సందర్భంలో బాలకార్మికత్వంగా మారుతుంది? మీకు తెలిసిన ఒక ఉదాహరణతో 20 వాక్యాలలో చర్చించండి.