దసరా కానుకగా ఓ మాంత్రికుడు!

శేరిలింగంపల్లి: దసరాకు వచ్చే చుట్టాలు కొత్త బట్టలు, మిఠాయిలు తేవడం పరిపాటి. మాంత్రికుల కథలు, గ్రహాంతర యాత్రలంటే చెవి కోసుకునే వారికి పుస్తకం తెచ్చేవారు మాత్రం అరుదు. పైగా "ఈ వయసులో రాక్షసుల కథలేమిటి?" అన్న ఎత్తిపొడుపు ఒకటి!

ఈ అభిరుచి నిన్న మొన్నటిది కాదు. 1954లోనే దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ను ‘చందమామ’లో ధారావాహికగా రాశారు. తర్వాత యండమూరి వీరేంద్రనాథ్ ‘చీకట్లో సూర్యుడు’ వంటి వైజ్ఞానిక నవలలు వచ్చాయి. ‘చందమామ’ ఆగిపోయింది, అభిమానులు మిగిలారు. 1998లో సైబర్ టవర్స్ వెలసిన ఈ ప్రాంతంలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసేవారిలోనూ అలాంటి వారున్నారు.

అయితే, ఉన్న పుస్తకమే మళ్లీ చేతికి వస్తే మొహమాటపు నవ్వే మిగులుతుంది. అరలో ఏది లేదో ఇంటివారిని ముందే వాకబు చేసి తెస్తే ఆ కానుక బట్టలకన్నా ఎక్కువ కాలం మన్నుతుంది. మొదటి పేజీలో ఇచ్చినవారి పేరు, తేదీ రాయడం మరువరాదు.