బోర్డులు వ్రాయువారి సంవత్సరము

రైలుదారిన నెల్లూరు సీమకు వచ్చువారు బిట్రగుంట పేరును పసుపుపచ్చని బోర్డుపై నల్లని అక్షరములలో చూచియుందురు. ఆ బోర్డు రైల్వేవారిది. దానితో మాకు సంబంధము లేదు. అయినను పని నేర్చుకొనవచ్చిన కుఱ్ఱవానిచేత మేము మొదట వ్రాయించునది ఆ పేరే. తెలుగు లిపిలోని చిక్కు దాని తొలి రెండక్షరములలోనే కలదు. ఇంగ్లీషులో ఆ పేరునకు పది అక్షరములు, పదియు ఒకే ఎత్తు. మన లిపిలోనో, 'బి'కి పైన గుడి, 'ట్ర'కు క్రింద క్రావడి. ఈ రెంటికిని చోటు విడువగా, అడుగు ఎత్తు పట్టీలో అసలు అక్షరమునకు మిగులునది సుమారు సగమే. ఒకే బోర్డుపై రెండు భాషలు వ్రాయునపుడు తెలుగు పట్టీని వెడల్పు చేయనిచో మన భాష చిన్నబోవును. ఈ మాట దుకాణదారునకు చెప్పి ఒప్పించుట వ్రాయుటకంటె కష్టము.

మేము ఎవరి కొలువులోను లేము. ఊరివారు మమ్ములను ఆర్టిస్టులందురు. బాకీ అడుగబోయిననాడు మాత్రము పెయింటర్లమగుదుము.

మా సంవత్సరమును నడపునవి వానలు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగమునకు పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనముతో కురియును. ఎనామెల్ రంగు గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. అంతలోపల మంచుగాని తేమగాని తగిలెనా, నిగ్గు చచ్చి వెలవెలబోవును. ఒక యేట కార్తీకమాసమున ఒక అంగడివారు తొందరపెట్టగా మబ్బును చూచియు వ్రాసితిమి. ఆ రాత్రి వానకు ఎఱుపు నలుపులోనికి జాఱినది. లప్పము మొదలు అన్నియు మా ఖర్చుతోనే మరల చేసితిమి. దసరా ఆయుధపూజకు లారీలు, ఆటోలు ముగించినచో, పిదప సంక్రాంతి వఱకు కుంచెలకు నూనె పూసి చుట్టిపెట్టుటయే. పూర్వము ఆ నెలలలో ఇంట కూర్చుండి వాహనముల నంబరు రేకులు వ్రాసెడివారము. 2019 ఏప్రిలు మొదలు కొత్త వాహనములకు ప్రత్యేకమైన నంబరు పలకలు తప్పనిసరియైనవి; ఆ వానకాలపు కూడును పోయినది.

మాఘము దాటిన తరువాతనే మాకు పంట. కొండబిట్రగుంట ప్రసన్న వేంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవముల ముందు అంగళ్లవారు కబురుపెట్టుదురు. ఏప్రిలు 15 నుండి జూన్ 14 వఱకు 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేట నిషిద్ధము. అపుడు జువ్వలదిన్నె వంటి పల్లెలలో పడవలను ఒడ్డున నిలిపి మరమ్మతులు చేసి రంగులు వేయుదురు. పడవపై వ్రాత బల్లపై వ్రాతవంటిది కాదు. మొదట మంచినీటితో కడిగి ఉప్పును పోగొట్టవలెను, లేనిచో అది తేమను పీల్చి రంగు పొంగును. పడవ ప్రక్క వంపుగా నుండుటచే దారము పట్టి గీచిన గీత దూరమునుండి వంకరగా తోచును, కంటితోనే సరిచేయవలెను.

ఎన్నికల యేడు ఒకప్పుడు మాకు రెండు సంవత్సరముల సంపాదన. శేషన్‌గారు ప్రధాన ఎన్నికల కమీషనరుగా నున్నకాలమున, 1990కిని 1996కిని నడుమ, గోడవ్రాతలపై కట్టడి బిగిసినది. తప్పని చెప్పలేము, ఇంటివానిని అడుగకయే మేము వ్రాసిన గోడలు చాల కలవు. ఆ పిమ్మట వచ్చిన ఫ్లెక్సీ మమ్ములను అంతకంటె గట్టిగా కొట్టినది. మాకు రెండు దినములు పట్టు పని యంత్రమునకు గడియలో ముగియును. 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వము ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధమును ప్రకటించినపుడు కొత్త కుంచెలు కొంటిమి. ఫ్లెక్సీలు నేటికిని వీథులలో నున్నవి.

అయితే చుట్టుకొను ఇనుప షట్టరుపై ఫ్లెక్సీ నిలువదు. ఇపుడు మాకు దొరకుచున్న పనిలో ఎక్కువ పాలు షట్టర్లదే. అవి మూసియున్నపుడే వ్రాయవలెను గనుక రాత్రి అంగడి కట్టిన వెనుక దీపము పెట్టుకొని మొదలుపెట్టుదుము. తెల్లవారి దుకాణదారుడు షట్టరు ఎత్తునపుడు ప్రక్కన నిలిచి చూతుము. చుట్ట తిరిగి దిగినపుడు అక్షరము చెదరకున్నచో, అపుడు డబ్బు మాట ఎత్తుదుము.