ఎండల్లో గుట్ట ఎక్కుతున్నారా?

వేసవిలో మన బోథ్ చుట్టుపక్కల గుట్టలకు ఎందరో తునికాకు కోసం వెళ్తారు. కూలి కట్టల లెక్కన గనుక మధ్యలో ఆగడానికి మనసొప్పదు. ప్రమాదం అక్కడే ఉంది.

గుట్ట ఎక్కేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. చెమట ఆరితేనే అది తగ్గుతుంది. నీళ్లు తాగకపోతే చెమట తగ్గి ఒళ్లు కాలిపోతుంది.

అందుకే మేము చెప్పేదేమంటే, తెల్లవారుజామునే వెళ్లి ఎండ ముదరకముందే దిగిరండి. లీటరు మంచినీళ్లలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు (టీ చెంచాతో, తలకొట్టి) కలిపి వెంట ఉంచుకోండి. తల తిరిగితే నీడకు చేరండి.

మాట తడబడినా, స్పృహ తప్పినా వడదెబ్బే అనుకోండి. ఒళ్లంతా తడిపి విసురుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.

నాలుగు కట్టలు తగ్గినా ఫరవాలేదు. ప్రాణం దేవుడిచ్చినది.