గిటారు పొట్టలో కిలోమీటరు తీగ

ఎలక్ట్రిక్ గిటారును ఆంప్లిఫయర్‌కు తగిలించి, స్ట్రింగుల జోలికి పోకుండా వాటి కిందున్న పికప్ మీద ఉక్కు స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తడితే స్పీకర్లోంచి 'ఠక్'మని వినిపిస్తుంది. అదే చోట ప్లాస్టిక్ చెంచాతో తడితే దాదాపు నిశ్శబ్దమే. దగ్గరగా నోరు పెట్టి పాట అందుకున్నా మంచి పికప్ ఉలకదు, పలకదు.

చాలామంది అనుకునేట్టు పికప్ మైకు కాదు. మైకు గాలి కదలికను పట్టుకుంటుంది, పికప్‌కు గాలితో పనే లేదు. తన ముందు ఇనుము జాతి లోహం కదిలితేనే దానికి తెలుస్తుంది. అందుకే ఒక పికప్ తీసి ఇంకొకటి బిగిస్తే, చెక్క అదే, స్ట్రింగులు అవే, వాయించే చెయ్యి అదే అయినా గిటారు గొంతు మారుతుంది. ఈ పనికి ఫ్యాక్టరీ అక్కర్లేదు. సోల్డరింగ్ ఐరన్, స్క్రూడ్రైవర్, మల్టీమీటర్, ఖాళీగా ఉన్న ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. ఇంటర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన ఫిజిక్స్ పాఠాల్లో రెండు మూడు ఆ మధ్యాహ్నం బల్ల మీదికి వచ్చి కూర్చుంటాయి.

మొదటిది ఫారడే పాఠం. తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారితే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో చూపించాడు. పికప్‌లో అయస్కాంతం కదలదు, చుట్టా కదలదు. కదిలేది స్ట్రింగు. కిందున్న అయస్కాంతం ఆ ఉక్కు స్ట్రింగును కూడా చిన్నపాటి అయస్కాంతంగా మార్చేస్తుంది. లావుపాటి ఆరో స్ట్రింగును మీటితే అది సెకనుకు 82 సార్లు, సన్నని మొదటిది 330 సార్లు ఊగుతుంది. ఆ ఊపుకు తగ్గట్టే చుట్టలో విద్యుత్తు అటూ ఇటూ పారుతుంది. ఆంప్లిఫయర్ చేసేదల్లా దాన్ని పెద్దది చేయడం.

ఇక ఆ చుట్ట సంగతి. బోరు మోటారు కాలిపోతే తీసుకెళ్లే వైండింగ్ షాపు మన ప్రతి చిన్న పట్టణంలోనూ ఉంటుంది. అక్కడ చుట్టే ఎనామిల్ పూత రాగి తీగే పికప్‌లోనూ ఉంటుంది, కాకపోతే చాలా సన్నం. దాని మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు, అంటే తలవెంట్రుకంత. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారు పికప్ ఒక్కోదానిలో ఈ తీగ ఎనిమిది వేల చుట్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మల్టీమీటర్ పెడితే సుమారు 6,000 ఓంలు చూపిస్తుంది. ఇంత సన్నని రాగి తీగకు మీటరుకు సుమారు 5.4 ఓంల నిరోధం ఉంటుంది కాబట్టి భాగించి చూస్తే తీగ పొడవు 1,100 మీటర్లు దాటుతుంది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పొడవైన వస్తువులో కిలోమీటరు పైచిలుకు తీగ!

స్ట్రింగు ఉక్కుదే కావాలన్న షరతు వల్ల కొన్ని వాయిద్యాలకు ఈ పికప్ నప్పదు. నైలాన్ స్ట్రింగుల గిటారుకు దీన్ని బిగిస్తే చప్పుడే ఉండదు. అచ్చమైన ఇత్తడి తీగ ఉన్నచోటా దాదాపు అంతే. వాయిద్యం ఒంటి ప్రకంపనను నేరుగా పట్టే కాంటాక్ట్ మైకును వీణకు అతికించడం అందుకే అనువుగా ఉంటుంది. మాండలిన్ కథ వేరు, దాని తీగలు ఉక్కువి. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎనిమిది తీగల మాండలిన్‌ను వదిలి ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. మామూలు మాండలిన్‌లో స్వరం మీటీ మీటకముందే ఆరిపోతుంది. గమకానికి స్వరం కాసేపు నిలవాలి. ఆ నిలకడ కరెంటు ఇచ్చింది.

తొలి పికప్ పుట్టింది కూడా ఇంటి పని లాగానే. అమెరికాలో హవాయి గిటారు వాయించే జార్జ్ బోషాంప్‌కు సభలో తన వాద్యం వెనక వరసల దాకా వినపడాలన్న తపన. 1931లో అతను రెండు గుర్రపునాడా అయస్కాంతాలను స్ట్రింగుల చుట్టూ వంతెనలా నిలబెట్టి, మధ్యలో తీగచుట్ట పెట్టాడు. ఆ చుట్టను వాషింగ్ మెషీన్ మోటారుతో చుట్టాడని చెబుతారు. గుండ్రటి ఒళ్లు, పొడవాటి కాడ ఉన్న ఆ గిటారుకు 'పెనం' అన్న ముద్దుపేరు వచ్చింది. అడాల్ఫ్ రికెన్‌బేకర్‌తో కలిసి దాన్ని మరుసటి ఏడాది అమ్మకానికి పెట్టారు. పేటెంటు మాత్రం 1937 దాకా రాలేదు.

చుట్టకు ఒక జబ్బు ఉంది. అది స్ట్రింగు కదలికనే కాదు, గదిలో తిరిగే ప్రతి అయస్కాంత క్షేత్రాన్నీ పట్టుకుంటుంది. ఇంట్లో కరెంటు మన దేశంలో 50 హెర్ట్జ్‌ది, అమెరికాలో 60 హెర్ట్జ్‌ది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర గిటారుతో నిలబడితే ఆ గుంయ్‌మనే రొద స్పీకర్లో వినిపిస్తుంది. గిటారుతో సహా మెల్లగా పక్కకు తిరిగితే ఒక కోణంలో బాగా తగ్గుతుంది, ఇంకో కోణంలో పెరుగుతుంది.

గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సెత్ లవర్ 1955లో ఈ రొదకు కనిపెట్టిన మందు బడి లెక్కంత సులువు. ఒకటి బదులు రెండు చుట్టలు పక్కపక్కన పెట్టాలి. రెండోదాన్ని విద్యుత్తు ఎదురు దిశలో పోయేట్టు కలపాలి. బయటి రొద రెండిట్లోకీ ఒకేలా వస్తుంది, ఒకటి ప్లస్, ఒకటి మైనస్ అయి కొట్టుకుపోతుంది. మరి పాట కూడా కొట్టుకుపోదా? పోదు, ఎందుకంటే రెండో చుట్ట కింద అయస్కాంతం ధ్రువాన్ని కూడా అతను తిరగేశాడు. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్. స్ట్రింగు సంకేతం రెండు చుట్టల్లోనూ కూడుకుంటుంది. దీనికే హంబకర్ అని పేరు. పేటెంటు రాకముందు కంపెనీ వీటి అడుగున 'పేటెంటుకు దరఖాస్తు చేశాం' అని చీటీ అతికించేది. 1959లో పేటెంటు వచ్చాక, 1960ల చీటీల మీద నంబరు వేశారు కానీ అది హంబకర్‌ది కాదు, గిటారు స్ట్రింగులు బిగించే టెయిల్‌పీస్‌కు గిటారిస్టు లెస్ పాల్ తీసుకున్న పేటెంటుది!

ఇంట్లో పికప్ మార్చినవాళ్లలో ఇద్దరి గిటార్లు చరిత్రకెక్కాయి. 1970లలో కాలిఫోర్నియా కుర్రాడు ఎడ్డీ వాన్ హేలెన్‌కు స్ట్రాటోకాస్టర్ ఒళ్లూ కావాలి, గిబ్సన్ గొంతూ కావాలి. చవగ్గా దొరికిన స్ట్రాట్ తరహా చెక్కను తొలిచి, తన గిబ్సన్ గిటారు నుంచి ఊడదీసిన హంబకర్‌ను అందులో కూర్చాడు. 1978లో వచ్చిన వాన్ హేలెన్ బృందం తొలి ఆల్బమ్‌లో ఆ అతుకుల గిటారు మోగింది. పెద్ద సౌండులో చుట్టలోని వదులు తీగలు వాటంతట అవే అదిరి కీచుమంటుంటే, పికప్‌ను కరిగించిన పారఫిన్ మైనంలో ముంచాడు. మైనం సందుల్లోకి దిగి గడ్డకడితే తీగలు కదలవు. పాడితే పికప్ పలకకూడదని మొదట చెప్పుకున్నది ఇందుకే. పలికితే దాని చుట్ట వదులైనట్టు.

రెండో గిటారు లండన్ శివారులోనిది. క్వీన్ బృందంలో గిటారిస్టుగా పేరు తెచ్చుకుని, తర్వాత ఖగోళ భౌతిక శాస్త్రంలో డాక్టరేట్ కూడా పూర్తి చేసిన బ్రయాన్ మే 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే గిటారు చేసుకోవడం మొదలుపెట్టాడు. మెడకు వాడింది పాత నిప్పుగూడు చట్రం చెక్క. తొలి పికప్‌లనూ బొత్తాం అయస్కాంతాలతో తనే చుట్టుకున్నాడు. అవి బాగానే మోగాయి కానీ స్ట్రింగును పక్కకు సాగదీసినప్పుడల్లా వింత చప్పుడు. ధ్రువాల మీదుగా స్ట్రింగు అడ్డంగా జరగడమే కారణం. చివరికి వాటిని తీసేసి బర్న్స్ కంపెనీ పికప్‌లు కొన్నాడు. వాటికి మైనం కాదు, ఆరల్డైట్ జిగురు పోసి గట్టిపరిచాడు.

పికప్‌లను విడిగా అమ్మే వ్యాపారం 1972లో లారీ డిమార్జియో 'సూపర్ డిస్టార్షన్'తో ఊపందుకుంది. ఇప్పుడు వందల రకాలు. ఎంచుకునేటప్పుడు కొత్తవాళ్లంతా చూసేది ఓంల లెక్క: 6 వేలా, 8 వేలా, 15 వేలా? ఎక్కువ ఓంలంటే ఎక్కువ సౌండ్ అనుకుంటారు. నిజానికి ఓంలు చెప్పేది తీగ ఎంత పొడవో, ఎంత సన్నమో అన్నదే. అదే చుట్లను ఇంకా సన్నని తీగతో చుట్టినా ఓంలు పెరుగుతాయి, సౌండ్ పెరగదు.

గొంతును తేల్చేది ప్రేరకత్వం. ఊయలను సరైన వేళకు నెడితే ఎక్కువ ఊగినట్టు, చుట్ట ప్రేరకత్వం, దానికి తగిలించిన కేబుల్ కెపాసిటెన్స్ కలిసి ఒక పౌనఃపున్యాన్ని ఎత్తి చూపిస్తాయి. అదే అనునాదం. స్ట్రాట్ పికప్‌కు ప్రేరకత్వం సుమారు 2.4 హెన్రీలు. అయిదు మీటర్ల కేబుల్‌తో కలిపి 600 పికోఫారడ్లు వేసుకుంటే అనునాదం 4,200 హెర్ట్జ్ దగ్గర, అంటే గాజుల గలగల లాంటి తళుకు. హంబకర్‌కు 4.5 హెన్రీలు అనుకుంటే అది 3,000 దగ్గరికి దిగి గొంతు నిండుగా, కాస్త మందంగా వస్తుంది. ఈ లెక్కలోంచి ఒక తమాషా బయటపడుతుంది. స్ట్రాట్ పికప్‌నే ఉంచి, కేబుల్‌ను పది మీటర్లదానికి మారిస్తే అనునాదం 3,100కు దిగివస్తుంది. గిటారు మరీ పదునుగా మోగుతోందనుకునేవాళ్లు పికప్ కొనేముందు స్నేహితుడి పొడుగు కేబుల్ అడిగి తెచ్చుకోవడం మంచిది.

వాల్యూమ్ పాట్ విలువ కూడా ఈ లెక్కలోదే. మామూలుగా ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌కు 250 కిలో ఓంలు, హంబకర్‌కు 500 వాడతారు. 250 పాట్ తళుకును కాస్త తుడిచేస్తుంది. హంబకర్‌కు అసలే తళుకు తక్కువ కాబట్టి దానికి 500 నయం.

ఇక చేతిలోకి పని. ముందు లోపలి వైరింగును ఫోనుతో రెండు కోణాల్లో ఫొటో తీయాలి. స్ట్రింగులు తీసి, స్ట్రాట్ తరహా గిటారైతే ముందున్న ప్లాస్టిక్ పలకకు సాధారణంగా ఉండే 11 మరలు విప్పి దాన్ని బోర్లా తిప్పితే మూడు పాట్లు, ఒక స్విచ్, మూడు పికప్‌లు కనిపిస్తాయి. ఒక్కో పికప్ నుంచి రెండే వైర్లు: ఒకటి స్విచ్‌కు, రెండోది పాట్ వీపు మీది ఎర్త్‌కు. గిటారు ఒంటి మీద పాత తువ్వాలు పరచకపోతే ఒక్క సోల్డర్ చుక్క పాలిష్‌ను తినేస్తుంది. కొత్తవాళ్లు తడబడేది పాట్ వీపు దగ్గరే. అది రేకు ముక్క కాబట్టి వేడిని పీల్చేసుకుంటుంది. ఐరన్‌ను సోల్డర్‌కు కాక రేకుకు ఆనించి, అది వేడెక్కాక సోల్డర్ అందిస్తే టంకం నీళ్లలా పరుచుకుని మెరుస్తుంది. మెరవకుండా బూడిద రంగులో ఉండకట్టిందంటే అతుకు పడనట్టే.

హంబకర్‌కు నాలుగు రంగుల వైర్లుంటాయి, కంపెనీకో కోడ్. సెమోర్ డంకన్‌లో స్విచ్‌కు వెళ్లేది నలుపు, డిమార్జియోలో ఎరుపు. ఒకరి పటం చూసి ఇంకొకరి పికప్ బిగిస్తే గొంతు పీలగా వస్తుంది. రెండు పికప్‌లు ఒకదానికొకటి ఎదురు తిరిగినా ఆ పీలతనమే. దీన్ని ముందే పట్టేయొచ్చు. ఒక్కో పికప్ వైర్లకు మల్టీమీటర్‌ను మిల్లీవోల్టుల్లో పెట్టి, ఉక్కు స్క్రూడ్రైవర్‌ను పికప్‌కు ఆనించి చటుక్కున లాగితే అంకె ప్లస్‌లోకో మైనస్‌లోకో ఉరుకుతుంది. రెండూ ఒకే వైపు ఉరకాలి.

ఎర్త్‌తో మాత్రం ఆటలొద్దు. బ్రిడ్జి కింద నుంచి వచ్చే సన్నని ఎర్త్ వైరు తెగితే, స్ట్రింగుల మీంచి చెయ్యి తీసినా వేసినా రొద తగ్గదు. అదే వైరు స్ట్రింగులను ఆంప్లిఫయర్ ఒంటికి కలుపుతుంది. కాబట్టి ఆంప్లిఫయర్‌కు మూడు పిన్నుల ప్లగ్గు, గోడలో నిజమైన ఎర్తింగ్ ఉండాల్సిందే.

స్ట్రింగులు ఎక్కించే ముందే జాక్ తగిలించి స్విచ్ ఐదు స్థానాల్లోనూ ఒక్కో పికప్‌ను తట్టి చూస్తే ఏది బతికుందో తెలుస్తుంది. తర్వాత ఎత్తు. స్ట్రింగును చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, పికప్‌కూ దానికీ రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్ల ఎడం ఉండేట్టు మరలు తిప్పాలి. ఇంకా దగ్గరికి తెస్తే సౌండ్ పెరుగుతుంది కానీ అయస్కాంతం స్ట్రింగును లాగి శ్రుతి వణికిస్తుంది. పాతకాలపు నమూనా పికప్ కొన్నవాళ్లకు మూడో స్ట్రింగు మిగతావాటి కంటే గట్టిగా వినిపించవచ్చు. 1950లలో మూడో స్ట్రింగు మీద తీగ చుట్టి ఉండేది, దాని కోసం అక్కడ అయస్కాంతాన్ని ఎత్తుగా పెట్టారు. ఇప్పటి ఉత్త ఉక్కు స్ట్రింగుకు ఆ ఎత్తు ఎక్కువైపోతుంది.

చెవికి జ్ఞాపకం తక్కువ. పాత పికప్‌లతో, కొత్తవాటితో ఒకే ముక్కను, ఒకే కేబుల్‌తో, ఆంప్లిఫయర్ మీట కదపకుండా ఫోనులో రికార్డు చేసుకున్నవాళ్లకే తేడా ఎంతో తెలుస్తుంది. ఏది ఏదో చెప్పకుండా ఆ రెండూ ఇంట్లోవాళ్లకు వినిపిస్తే, పాతదే బాగుందనేవాళ్లు ఒకరైనా ఉంటారు. అందుకే ఊడదీసిన పికప్‌లను వైర్లు కత్తిరించకుండా, ఎక్కడివో రాసిన చీటీతో సహా కవర్లో దాచిపెడతారు.